సంతలో దొరికిన నాలుగు పళ్ళ ఇత్తడి బిళ్ళ – ఇది దేనిదో చెప్పగలరా?

వైనతేయ_తీరం:
అందరికీ నమస్కారం. అమలాపురం దగ్గర వారపు సంతలో, కూరగాయల వరస దాటాక పాత ఇనుము, ఇత్తడి నేల మీద పట్టా పరిచి అమ్మే ఒకాయన ఉంటాడు. విరిగిన కుళాయిలు, చెంబుల మూతలు, తాళం కప్పల మధ్యలో ఈ వస్తువు కనిపించింది. తూకం వేసి 60 రూపాయలకు ఇచ్చాడు. ఏమిటని అడిగితే "గుడి సామానమ్మా, పాతది" అన్నాడు. ఏ గుడి, ఏ సామాను అంటే చెప్పలేకపోయాడు.

ఫోటోలు పెట్టాను, మాటల్లో కూడా చెబుతాను. సుమారు 4 సెంటీమీటర్ల ఇత్తడి బిళ్ళ. పలచటి రేకు కాదు, గట్టిగానే ఉంది. పైన ఒక రంధ్రం. కింది అంచును నాలుగు మొనలుగా కోశారు. మొనలు బాగా అరిగి నున్నగా అయ్యాయి, వేలికి గుచ్చుకోవు. రంధ్రంలో ఒక ఇనుప రింగు ఉంది. ఆ రింగుకు ఒక పక్క ఇంకో రింగు, దానికి సన్నటి ఇనుప కడ్డీ. కడ్డీ రెండు చివరలనూ కన్నంలా వంచారు. అవతలి చివర కూడా రెండు రింగులు వేలాడుతున్నాయి. ఇనుమంతా తుప్పు. అక్షరం గానీ అంకె గానీ ఎక్కడా లేదు, భూతద్దం పెట్టి చూశాను.

దీన్ని ఎవరో చాలా ఏళ్ళు చేత్తో పట్టుకుని వాడారని మాత్రం అరుగుదల చూస్తే అర్థమవుతోంది. దేనికి వాడారో తెలుసుకోవాలని ఉంది.

ఇత్తడిసామాను:
చాలా మంచి ఫోటోలు అండీ. నేను రాజమండ్రిలో పాత ఇత్తడి సేకరిస్తాను. మొదటి చూపుకి వేలాడే దీపం గొలుసేమో అనిపించింది. మన వైపు పాత ఇళ్ళలో తూగు దీపాలు, ఉయ్యాల గొలుసులు చాలానే ఉంటాయి. ఉయ్యాల గొలుసుల మధ్యలో చిలకలు, ఏనుగులు, పువ్వులు పెట్టేవారు. కానీ వాటిలో గొలుసు కూడా ఇత్తడే. ఇక్కడ బిళ్ళ ఇత్తడి, గొలుసు మామూలు ఇనుము. దేవుడి దీపానికి ఎవరూ ఇలా చేయరు. పైగా బిళ్ళ మీద నగిషీ ఒక్క గీత కూడా లేదు. ఇది అలంకారం వస్తువు కాదు, పని వస్తువు.

నరసాపురం_లేసు:
ఎద్దుల మెడలో పట్టెడకు కట్టేది అయ్యుంటుందా? మా తాతగారి ఎడ్లకు గంటలతో పాటు ఇత్తడి బిళ్ళలు ఉండేవి. లేకపోతే పాత తాళం చెవి? నాలుగు పళ్ళు ఉన్నాయి కదా.

ఇత్తడిసామాను:
తాళం చెవి అయితే పళ్ళు ఒకే లోతులో ఉండవమ్మా, లోపలి మీటలకు తగ్గట్టు ఎక్కువ తక్కువలుగా కోస్తారు. ఇక్కడ నాలుగూ సమానం. ఎడ్ల బిళ్ళలు ఇంతకంటే పెద్దవి, గుండ్రంగా ఉంటాయి, తోలు పట్టీకి కుడతారు. కడ్డీకి వేలాడదీయరు.

కాలువగట్టు:
నాది ధవళేశ్వరం. నాకు ఒక ఆలోచన వస్తోంది. 1847లో ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా కట్టారు. వేల మంది కూలీలు. వీణెం వీరన్న గారు మనుషుల్ని సమీకరించి కాటన్ దొరకు కుడి భుజంలా నిలబడ్డారు. ఆ కూలీలకు లెక్క కోసం ఇచ్చిన బిళ్ళ అయ్యుండొచ్చా? నాలుగు మొనలు అంటే నాలుగో భాగం, విజ్జేశ్వరం వైపు పనివాళ్ళు! నిజమైతే మన జిల్లాలకు ఇది ఎంత విలువైన వస్తువో ఆలోచించండి.

వరంగల్_పాతనాణేలు:
కాలువగట్టు గారూ, ఉత్సాహం అర్థమైంది. కానీ నేను టోకెన్లు, బిళ్ళలు చాలా ఏళ్ళుగా చూస్తున్నాను. మనిషికి ఇచ్చే బిళ్ళ మీద అంకె ఉండాలి, లేకపోతే ఎవరిదో ఎలా తెలుస్తుంది? ఇక్కడ ఏమీ లేదు. రెండోది, ఆ కడ్డీ. టోకెనుకు అంత పొడవు కడ్డీ, అటు రింగులు, ఇటు రింగులు ఎందుకు? ఇది ఒక పొడవైన గొలుసులో ముక్క అని నా అనుమానం. వైనతేయ_తీరం గారూ, బిళ్ళ వేలాడుతున్న రింగు మధ్య నుంచి అవతలి చివరి రింగు మధ్య దాకా ఎంత ఉందో స్కేలు పెట్టి చెప్పగలరా? కడ్డీని లాగి తిన్నగా ఉంచి కొలవండి.

వైనతేయ_తీరం:
కొలిచాను అండీ. 20 సెంటీమీటర్లు, దాని మీద ఒకటో రెండో మిల్లీమీటర్లు. తుప్పు వల్ల అంతకంటే కచ్చితంగా చెప్పలేను. అవతలి చివర ఉన్న రెండు రింగుల్లో బయటిది కొంచెం సాగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది.

పెద్దబోదె:
ఇప్పుడే చూశాను. ఇది సర్వే గొలుసు ముక్క. ఇందులో నాకు సందేహం లేదు. నేను సర్వే శాఖలో పని చేసి రిటైర్ అయ్యాను. ఉద్యోగంలో చేరే నాటికి మా చేతికి మెట్రిక్ గొలుసులు ఇచ్చారు కానీ, పాతవి రికార్డు గదిలో మూలన మేకుకు వేలాడుతూ ఉండేవి. మా పై అధికారి ఒకాయన పాత గొలుసు దింపి మాకు నేర్పించేవారు.

ఇది గంటర్ గొలుసు. ఎడ్మండ్ గంటర్ అని ఇంగ్లండు గణితవేత్త, చర్చి గురువు కూడా, 1620లో దీన్ని వివరించాడు. మొత్తం పొడవు 66 అడుగులు, అంటే 22 గజాలు. అందులో 100 లింకులు. ఒక్కో లింకు 7.92 అంగుళాలు, మన లెక్కలో 20.1 సెంటీమీటర్లు. అమ్మా, మీరు కొలిచింది సరిగ్గా ఒక లింకు. కడ్డీ ఒక్కటే లింకు కాదు, మధ్య రింగు నుంచి మధ్య రింగు దాకా లెక్క. కడ్డీకీ కడ్డీకీ మధ్య మూడు రింగులు వేస్తారు, గొలుసు మెలిపడకుండా, మడిచి కట్టగా పట్టుకోవడానికి వీలుగా.

ఇక బిళ్ళ సంగతి. 100 లింకుల గొలుసును పొలంలో పరిచినప్పుడు ఎన్నో లింకు దగ్గర ఉన్నామో ప్రతిసారీ ఒకటి నుంచి లెక్కపెట్టలేం. అందుకని ప్రతి 10 లింకులకూ ఒక ఇత్తడి బిళ్ళ కడతారు. 10 దగ్గర ఒక మొన, 20 దగ్గర రెండు, 30 దగ్గర మూడు, 40 దగ్గర నాలుగు. నట్టనడుమ 50 దగ్గర గుండ్రటి బిళ్ళ. అక్కడి నుంచి మళ్ళీ వెనక్కి నాలుగు, మూడు, రెండు, ఒకటి. గొలుసు ఏ చివర నుంచి పట్టుకున్నా చదవడానికి వీలుగా అలా చేశారు. మీ చేతిలో ఉన్నది నలభయ్యో లింకు బిళ్ళ. లేదా అరవయ్యోది.

వైనతేయ_తీరం:
మాస్టారూ, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. నేను స్కూల్లో లెక్కలు చెబుతాను. సర్వే గొలుసు అని పాఠ్యపుస్తకాల్లో మాట వినడమే, చేత్తో పట్టుకోవడం ఇదే మొదలు. ఇది నలభయ్యోదా, అరవయ్యోదా అని తేల్చే దారి ఏమైనా ఉందా?

పెద్దబోదె:
లేదమ్మా. రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి. గొలుసు మొత్తం ఉంటే గుండ్రటి బిళ్ళ ఏ పక్క ఉందో చూసి చెబుతాం. కొత్తగా చేరినవాళ్ళు ఎక్కువగా తడబడేది కూడా ఇక్కడే. 40 అనుకుని 60 దగ్గర, 60 అనుకుని 40 దగ్గర రాసేస్తారు. ఆ రెంటికీ తేడా 20 లింకులు, అంటే 13 అడుగుల పైచిలుకు. మన వైపు 13 అడుగులు అంటే మాటలా? ఒక వరస కొబ్బరి చెట్లు పక్కవాడి పొలంలోకి వెళ్ళిపోతాయి. అందుకే మా అధికారి గారు గొలుసు మనిషిని "గుండుకు ఇవతలా, అవతలా?" అని అడిగి, జవాబు వచ్చాకే పుస్తకంలో రాయనిచ్చేవారు.

భీమవరం_కుర్రాడు:
అంకుల్, నేను సివిల్ ఇంజనీరింగ్ చదువుతున్నాను. మాకు ల్యాబ్‌లో మెట్రిక్ గొలుసు చూపించారు. అందులో కూడా లింకు 20 సెంటీమీటర్లే. గంటర్ లింకుకూ దీనికీ తేడా ఒక మిల్లీమీటరు చిల్లర. తుప్పు పట్టిన ముక్కలో అంత తేడా పట్టుకోవడం కష్టం కదా? ఇది 1960ల తర్వాతి మెట్రిక్ గొలుసు ముక్క కాదని ఎలా చెప్పగలం?

పెద్దబోదె:
మంచి ప్రశ్న బాబూ. కొలతతో తేల్చలేం, పళ్ళతో తేల్చగలం. మెట్రిక్ గొలుసులో బిళ్ళలు ప్రతి 5 మీటర్లకు ఒకటి వస్తాయి, మధ్యలో మీటరు మీటరుకూ చిన్న ఇత్తడి రింగులు. 30 మీటర్ల గొలుసు తీసుకుంటే 5, 10, 15, 20, 25 దగ్గర మొత్తం ఐదే బిళ్ళలు. రెండు వైపుల నుంచీ ఒకేలా చదవాలి కాబట్టి మూడు రకాల బిళ్ళలు చాలు. నాలుగు పళ్ళ బిళ్ళకు అందులో చోటే లేదు. నాలుగు పళ్ళు కావాలంటే 100 లింకులు, పదేసి లింకులకు ఒక బిళ్ళ ఉన్న గొలుసు అయి తీరాలి.

అలాంటివి రెండు. ఒకటి గంటర్ గొలుసు, రెండోది ఇంజనీర్ల గొలుసు. ఇంజనీర్లది 100 అడుగులు, ఒక్కో లింకు ఒక అడుగు, అంటే 30 సెంటీమీటర్ల పైన. అమ్మ కొలిచింది 20. కాబట్టి గంటర్‌దే.

వరంగల్_పాతనాణేలు:
బాగా విడమరిచారు సార్. మా తెలంగాణ వైపు 33 అడుగుల గొలుసు ఉండేది, 16 లింకులు. దాన్ని చదరం చేస్తే 33 ఇంటూ 33, అంటే 1,089 చదరపుటడుగులు, సరిగ్గా ఒక గుంట. 40 గుంటలు ఒక ఎకరం. దాని లింకు రెండు అడుగుల పైనే ఉంటుంది కాబట్టి ఈ ముక్క దానిది కాదు. మా దగ్గర గుంట, మీ దగ్గర సెంటు. రెండూ గొలుసులోంచే వచ్చాయని ఆలోచిస్తే చాలా బాగుంది.

కడియం_నర్సరీ:
సెంటు గొలుసులోంచి ఎలా వచ్చింది సార్? మాకు సెంటు అంటే 48.4 గజాలు, 5 సెంట్లు అంటే 242 గజాలు. ఆ చిల్లర అంకె ఎక్కడిదో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

వైనతేయ_తీరం:
ఇది నేను చెప్పనా మాస్టారూ? నిన్న రాత్రి కూర్చుని చేసి చూశాను, పిల్లలకు చెప్పదగ్గ లెక్క.

ఒక గొలుసు వెడల్పు, పది గొలుసుల పొడవు ఉన్న చేను సరిగ్గా ఒక ఎకరం. 66 ఇంటూ 660, మొత్తం 43,560 చదరపుటడుగులు. దీన్నే లింకుల్లో చూడండి: 100 ఇంటూ 1,000, అంటే లక్ష చదరపు లింకులు. ఎకరంలో నూరో వంతు సెంటు కాబట్టి, సెంటు అంటే 1,000 చదరపు లింకులు. గజాల్లో 48.4 అని చిల్లరగా కనబడేది లింకుల్లో నిండు వెయ్యి.

దీనివల్ల లాభం ఏమిటంటే, భాగహారమే అక్కర్లేదు. ఒక మడి 235 లింకుల పొడవు, 180 లింకుల వెడల్పు అనుకోండి. గుణిస్తే 42,300. చివరి మూడు అంకెల ముందు చుక్క పెడితే 42.3 సెంట్లు. అదే అడుగుల్లో కొలిస్తే ఎకరాలు రావడానికి 43,560తో భాగించాలి. చెట్టు కింద కూర్చుని చేతి లెక్కలు వేసుకునే మనిషికి ఎంత హాయో చూడండి. 400 ఏళ్ళ కిందట ఒకాయన ఈ 66 అడుగులు ఎంచుకోవడం వెనక ఇంత ఆలోచన ఉందని తెలిసి చాలా సంతోషం వేసింది.

భీమవరం_కుర్రాడు:
మేడమ్, ఇంకోటి కలపండి. క్రికెట్ పిచ్ వికెట్ నుంచి వికెట్‌కు 22 గజాలు. అది ఒక గంటర్ గొలుసు! పిల్లలకు ఇలా చెబితే ఎప్పటికీ మర్చిపోరు.

పెద్దబోదె:
ఫర్లాంగు కూడా. పది గొలుసులు ఒక ఫర్లాంగు, 80 గొలుసులు ఒక మైలు. మన పెద్దవాళ్ళు "ఇక్కడికి రెండు ఫర్లాంగులు" అనేవారు చూశారా, అది ఇరవై గొలుసులు. కొలిచేటప్పుడు ముందు మనిషి చేతిలో పది బాణాలు ఉండేవి. బాణం అంటే ఒక చివర మొన, ఒక చివర చుట్ట ఉన్న ఇనుప ఊచ. గొలుసు పూర్తయిన చోటల్లా ఒకటి గుచ్చుతాడు, వెనక మనిషి ఏరుకుంటూ వస్తాడు. వెనక మనిషి చేతిలో పది బాణాలు పడ్డాయంటే ఒక ఫర్లాంగు అయినట్టు. అక్కడ పుస్తకంలో రాసుకుని, బాణాలన్నీ మళ్ళీ ముందు మనిషికి ఇచ్చేవాళ్ళం.

కాలువగట్టు:
అయితే మాస్టారూ, కాటన్ దొర కాలువల సర్వేలో వాడిన గొలుసే ఇది అయ్యే అవకాశం ఉందిగా? ధవళేశ్వరం కాటన్ మ్యూజియంలో అప్పటి పనిముట్లు ఉన్నాయి, దాన్ని అక్కడికి చేర్చాలని నా కోరిక.

పెద్దబోదె:
కాటన్ గారంటే నాకూ గౌరవమే బాబూ, మన అన్నం ముద్దలో ఆయన భాగం ఉంది. కానీ ఈ ముక్క అంతకంటే ఎక్కువగా రెవెన్యూ సర్వే వైపు చూపిస్తోంది. కాలువ తవ్వే ఇంజనీరుకు కావాల్సింది మట్టి లెక్క, అది ఘనపుటడుగుల్లో వేస్తారు. ఆ పనికి అడుగు లింకులున్న 100 అడుగుల గొలుసు సుఖం. ఎకరాలు, సెంట్లు తేల్చాల్సిన మనిషికి గంటర్ గొలుసు సుఖం. ఎవరూ దీన్ని దానికి వాడలేదని కాదు, కానీ పని చూస్తే అలా అనిపిస్తుంది.

ఆనకట్ట వచ్చాక డెల్టాలో మెట్ట, బీడు మాగాణి అయ్యాయి. మాగాణికి శిస్తు ఎకరానికి ఇంత అని వేయాలంటే ఎకరం ఎక్కడి నుంచి ఎక్కడిదాకానో తేలాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో సర్వే, సెటిల్మెంట్ (శిస్తు ఖరారు) పని 1858లో మొదలైంది. మరుసటి ఏడు, 1859లో, రాజమండ్రి జిల్లా పోయి గోదావరి జిల్లా ఏర్పడింది. మీ ఇళ్ళలో ఉన్న పాత కాగితాల్లో సర్వే నంబరు, హద్దు రాళ్ళు, ఎఫ్.ఎం.బి. (పొలం కొలతల పుస్తకం, ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్) నకళ్ళు అన్నీ ఆ దారిలో పుట్టినవే. పాత ఎఫ్.ఎం.బి. తీసి చూడండి, గీతల పక్కన ఉన్న అంకెలు అడుగులు కావు, మీటర్లు కావు. లింకులు.

అయితే ఈ బిళ్ళకు అంత వయసు ఉందని నేను పూచీ పడను. గంటర్ గొలుసులు మెట్రిక్ వచ్చేదాకా వాడుకలోనే ఉన్నాయి. వందేళ్ళ నాటిదీ కావచ్చు, 1950ల నాటిదీ కావచ్చు. తయారుచేసిన కంపెనీ పేరు, పొడవు సాధారణంగా చివర ఇత్తడి పిడి మీద ఉంటాయి, బిళ్ళ మీద ఉండవు.

ఇత్తడిసామాను:
దేశాన్ని త్రిభుజాలుగా కొలిచిన లాంబ్టన్ గారి మహా సర్వేలోది కాదా అని ఒకాయన నాకు మెసేజ్ పెట్టారు. ఇక్కడే చెబుతాను. 1802లో మద్రాసు దగ్గర ఆధార రేఖ కొలిచిన ఆ గొలుసు 100 అడుగులది, 40 లింకులే, ఒక్కోటి రెండున్నర అడుగులు. ఈ ముక్కకూ దానికీ సంబంధం లేదు.

లంకరైతు:
ఆయ్, నాకు ఒక సందేహం అండీ. మా పొలం పాత పట్టా ప్రకారం 1 ఎకరం 62 సెంట్లు. ఈమధ్య రీసర్వేలో 1 ఎకరం 64 వచ్చింది. పక్కాయన టెన్షన్ పడుతున్నాడు, తనది లాగేసుకున్నానని. పాత గొలుసు సాగిపోయి తక్కువ చూపించి ఉంటుందా?

పెద్దబోదె:
గొలుసు సాగుతుంది, అది నిజం. వందల కన్నాలు, రింగులు ఒకదానికొకటి రాసుకుంటాయి, ఒక్కో చోట వెంట్రుకంత అరిగినా మొత్తం మీద తేలుతుంది. అమ్మ చెప్పిన ఆ కోడిగుడ్డు ఆకారం రింగు అందుకు సాక్ష్యం. సాగిన గొలుసుతో కొలిస్తే పొలం ఉన్నదానికంటే తక్కువ వస్తుంది. మీది కూడా ఆ దిక్కులోనే ఉంది. కానీ ఎంత అన్నది చూడాలి.

66 అడుగుల గొలుసు ఒక అంగుళం సాగిందనుకుందాం. ఎకరానికి పావు సెంటు తేడా, పన్నెండు గజాలు. మీ పొలానికి అర సెంటు కూడా రాదు. రెండు సెంట్ల తేడా రావాలంటే గొలుసు దాదాపు ఐదు అంగుళాలు సాగి ఉండాలి. అలాంటి గొలుసును పనికి తీసుకెళ్ళనివ్వరు. గొలుసును ఎప్పటికప్పుడు ప్రమాణం కొలతతో సరిచూసి, సాగితే రింగులు తట్టి బిగించో, మార్చో దారికి తెచ్చేవాళ్ళం. కాబట్టి మీ విషయంలో గొలుసును మాత్రమే తప్పుపట్టలేం. లంక భూమి అంటున్నారు, 1953, 1986 వరదల్లో గట్లు చెదిరి మళ్ళీ వేసుకుని ఉంటారు. గట్టు జరిగితే సెంట్లు జరుగుతాయి. ఇద్దరూ కలిసి ఎఫ్.ఎం.బి. నకలు తీయించి, పాత హద్దు రాయి దొరుకుతుందేమో వెతకండి. రాయి దొరికితే గొడవే ఉండదు.

లంకరైతు:
పక్కాయనా నేనూ కలిసే వెళ్తామండి. రాయి ఒకటి సరుగుడు మోడు పక్కన ఉండేదని మా నాన్న అనేవారు.

నరసాపురం_లేసు:
మాస్టారూ, మొనలు ఎందుకు? 10, 20 అని అంకెలు చెక్కితే సరిపోయేది కదా?

పెద్దబోదె:
మన పొలాల్లో పనిచేసినవాళ్ళకే తెలుస్తుందమ్మా. ఆకుమడిలో, మోకాలి లోతు నీళ్ళలో గొలుసు లాగుతుంటాం. పైకి తీస్తే బిళ్ళ నిండా బంకమట్టి. అంకె కనపడదు, కానీ బొటనవేలు పెట్టి తడిమితే మొనలు ఎన్నో తెలిసిపోతుంది. గొలుసు మనుషుల్లో చదువు రానివాళ్ళూ ఉండేవారు, వాళ్ళు చూడకుండానే చెప్పేసేవారు. ఇనుము బురదలో కలిసిపోతుంది, ఇత్తడి మెరుస్తుంది, తుప్పు పట్టదు. అందుకే బిళ్ళ ఇత్తడి. అమ్మ చెప్పిన ఆ నున్నటి మొనలు ఊరికే అరగలేదు.

కడియం_నర్సరీ:
దీన్ని శుభ్రం చేసి పాలిష్ పెట్టి ఫ్రేమ్ కట్టిస్తే బాగుంటుంది మేడమ్. మా దగ్గర ఇత్తడి మెరుగు పెట్టే మనిషి ఉన్నాడు.

ఇత్తడిసామాను:
దయచేసి వద్దు. చింతపండు, పీతాంబరి, నిమ్మకాయ ఏదీ దగ్గరికి రానివ్వకండి. ఆ ముదురు రంగు ఏర్పడటానికి దశాబ్దాలు పట్టింది, ఒక్క రోజులో పోగొడితే మళ్ళీ రాదు. మొనల అరుగుదలే దీని విలువ, మెరుగు పెట్టే చక్రం తగిలితే అదీ పోతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆ ఇనుప కడ్డీని, రింగుల్ని బిళ్ళ నుంచి విడదీయకండి. కడ్డీ లేకపోతే లింకు పొడవు తెలిసేది కాదు, ఇది గంటర్ గొలుసా, ఇంజనీర్ల గొలుసా అన్నది ఎప్పటికీ తేలేది కాదు. చాలామంది అమ్మేవాళ్ళు తుప్పు ఇనుము అని కోసి పారేస్తారు.

చేయాల్సింది ఇంతే. మెత్తటి పొడి బ్రష్‌తో వదులుగా ఉన్న తుప్పు రాల్చండి. నీళ్ళు తగలనివ్వద్దు. ఇనుము మీద మైనం పలచగా పూయండి. మన వైపు గాలిలో చెమ్మ ఎక్కువ, అందులో మీరు సముద్రానికి దగ్గర. మూత గట్టిగా పట్టే డబ్బాలో, చెమ్మ పీల్చే సిలికా సంచులు వేసి ఉంచండి, వానాకాలంలో వాటిని మారుస్తూ ఉండండి.

వరంగల్_పాతనాణేలు:
ఇంకో మాట. ఇలాంటి ఫోటోలు పెట్టగానే విదేశాల నుంచి కొంటామని మెసేజ్‌లు వస్తాయి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన వస్తువు పురావస్తువు కిందకు రావచ్చు. అలాంటివాటిని మనబోటి వాళ్ళు సొంతంగా దేశం దాటించకూడదు. దీని వయసు తేలలేదు కాబట్టి ఆ వైపు వెళ్ళకపోవడమే మంచిది.

వైనతేయ_తీరం:
అమ్మే ఉద్దేశం లేదు అండీ. ఇత్తడిసామాను గారు చెప్పినట్టే డబ్బాలో పెట్టాను. ముందు మా ఎనిమిదో తరగతి పిల్లలకు చూపిస్తాను. కొబ్బరి తాడుకు ముడులు వేసి, అట్టముక్కలతో ఒకటి, రెండు, మూడు, నాలుగు మొనల బిళ్ళలు కత్తిరించి 66 అడుగుల గొలుసు చేయించి, బడి ఆవరణ ఎన్ని సెంట్లో వాళ్ళతోనే కొలిపిస్తాను. కాలువగట్టు గారూ, పిల్లలు చూశాక మ్యూజియం వాళ్ళను అడుగుదాం. కాటన్ గారిది అని కాకుండా, డెల్టా పొలాలు కొలిచిన గొలుసు ముక్క అని రాసి పెడితే నాకు అభ్యంతరం లేదు.

కాలువగట్టు:
తప్పకుండా అండీ. నేను వెళ్ళి మాట్లాడతాను. లింకు కొలత, పళ్ళ లెక్క, మాస్టారు చెప్పిన వివరం అన్నీ ఒక కాగితం మీద రాసి వస్తువుతో పాటే ఇద్దాం, లేకపోతే ఇంకో యాభై ఏళ్ళకు మళ్ళీ గుడి సామాను అయిపోతుంది.

పెద్దబోదె:
కొబ్బరి తాడు తడిస్తే పొడవు మారుతుందమ్మా. ఎండబెట్టి, బాగా లాగి, ఆ తర్వాతే ముడులు వేయించండి. మధ్య ముడికి గుండ్రటి అట్ట మర్చిపోవద్దు. పిల్లల్ని "గుండుకు ఇవతలా, అవతలా" అని అడగండి.

కడియం_నర్సరీ:
మాస్టారూ, బాణాల గురించి చదివాక మా షెడ్డు వెతికాను. మా నాన్నగారు అంటు మొక్కల దగ్గర గుచ్చే ఇనుప ఊచలు మూడు ఉన్నాయి. మూరెడు కంటే కొంచెం తక్కువ, ఒక చివర మొన, ఒక చివర ఉంగరంలా చుట్టి ఉంది. ఒకదానికి ఎర్ర గుడ్డ పీలిక ఇంకా అంటుకునే ఉంది. మా తాతగారి అన్నగారు గ్రామంలో కరణం దగ్గర పనిచేసేవారట. ఇవి అవేనా?

పెద్దబోదె:
గడ్డిలో కనబడాలని ఎర్ర గుడ్డ కట్టేది బాణాలకే. ఆ పీలిక తీసేయకండి. మూడింటినీ ఒక స్కేలు పక్కన పెట్టి, ఉంగరం చుట్టిన చివర దగ్గరగా ఫోటో తీసి వేరే చర్చ మొదలుపెట్టండి, చూసి చెబుతాను.